రోజు నడిచొచ్చిన దారి

మాటల వెంట చరిత్ర - 14వ భాగం

మూణ్ణాళ్ల ముచ్చట అంటాం. మూణ్ణాళ్ల కూలీ మాత్రం అనం, మూడు రోజుల కూలీ అంటాం. ఆనాడు, ఏనాడు, మర్నాడు, పండగనాడు అంటూ కాలాన్ని వేలెత్తి చూపించే చోట పాత తెలుగు ‘నాడు’ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లెక్కపెట్టాల్సి వచ్చేసరికి దాని పీట మీద ‘రోజు’ వచ్చి కూర్చుంది. తుని మామిడి మార్కెట్లో బుట్టలు దించే మనిషి రోజుకింత అని బేరమాడుకుంటాడు. తాండవ దాటి పాయకరావుపేటలో పనికెళ్లొచ్చే మేస్త్రీ ఎన్ని రోజులు పని చేశాడో గోడ మీద గీతలు గీసుకుంటాడు. ఇంతగా మనదైపోయిన ఈ మాట ఫారసీది. ఫారసీ నుంచి వచ్చిందని నిఘంటువులన్నీ ఒప్పుకుంటాయి, అక్కడితో ఆగిపోతాయి. అసలు చరిత్ర ఆ తర్వాతే మొదలవుతుంది. ఇరానీ భాషలు ఒకటి కాదు, రెండు కాదు. ఫారసీ కూడా అన్ని కాలాల్లో, అన్ని ఊళ్లలో ఒకే తీరుగా పలకలేదు. మన ఊళ్లకు వచ్చింది ఏ ఫారసీ, ఎవరి నోటి నుంచి, ఏ దారిన? జవాబుకు సాక్ష్యం రాతికోటల్లో కంటే మన అచ్చులలోనే గట్టిగా దొరుకుతుందని నా వాదన.

ముందు ఆ కుటుంబాన్ని ఒకసారి చూద్దాం. ఇరానీ భాషలు సంస్కృతానికి తోబుట్టువులు. వీటిని పండితులు ప్రాంతాల వారీగా కొమ్మలు చేస్తారు. నైరుతి కొమ్మలో షిరాజు పట్టణమున్న ఫార్స్ సీమలో పుట్టిన ఫారసీ, జాగ్రోస్ కొండల లూరీ ఉన్నాయి. వాయవ్య కొమ్మలో కుర్దుల భాష, కాస్పియన్ ఒడ్డున గీలకీ, మాజందరానీ, వీళ్లందరికీ దూరంగా తూర్పుకు జరిగిపోయిన బలూచీ ఉన్నాయి. తూర్పు కొమ్మలో పఠానుల పష్తో, పామీరు కొండల చిన్న చిన్న భాషలు, ఎక్కడో కాకసస్‌లో చిక్కుకుపోయిన ఒస్సెటియన్ల భాష ఉన్నాయి. నైరుతికీ వాయవ్యానికీ తేడా తెలియాలంటే అల్లుడిని అడగాలి. సంస్కృతంలో జామాత, ప్రాచీన ఇరానీ గ్రంథమైన అవెస్తాలో జామాతర్, బలూచీలో జామాత్, కుర్దులకు జావా. ఫారసీ వాడికి మాత్రం దామాద్. మిగతావాళ్లు జకారానికి దగ్గరి ధ్వని పలికే చోట ఫారసీ దకారం పలికింది. నైరుతి కొమ్మను గుర్తుపట్టే పుట్టుమచ్చల్లో ఇదొకటి.

పగటి పేరుకూ ఇలాంటి కథే ఉంది. ప్రాచీన ఫారసీ శాసనాల్లో రౌచ, అవెస్తాలో వెలుగు అనే అర్థంలో రఓచహ్, మన సంస్కృతంలో రోచిస్సు. వెలుగే పగలైంది. అది ఫారసీలో రోజ్ అయింది, చివర నున్నని ‘జ’తో, మనం దంత్యంగా పలికే ‘ౙ’కి దగ్గరి ధ్వనితో. బలూచీలో రోచ్, కుర్దీలో చివర కాస్త బరువైన ‘జ’తో రోజ్. ఒస్సెటియన్లు వేరే మాట పట్టుకున్నారు, బొన్ అంటారు. అది మన భానుడికి చుట్టం. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కాగితం మీద తెలుగు ‘రోజు’, కుర్దీ ‘రోజ్’ అచ్చుగుద్దినట్టు ఒకటే. మరి మన మాట వాయవ్యం నుంచి వచ్చిందని ఎందుకు అనుకోకూడదు? ఎందుకంటే ఫారసీ నుంచి వచ్చిన ప్రతి మాటలోనూ తెలుగు అదే పని చేసింది. జమీను, బజారు, ఖజానా, దర్జీ, జోరు, అన్నిటా ఫారసీ ‘ౙ’ మన ‘జ’గా మారింది. అంతటా నడిచే నియమం ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి కుర్దిస్తాన్ దాకా పరుగెత్తనక్కర్లేదు. పైగా గోదావరి మనిషి నోట ‘రోజు’ వినండి, వినపడేది దంత్య ‘ౙ’యే. లిపిలో పోయిన తేడా నోట్లో ఉంది.

అసలు ఇరానీలతో మనకు పరిచయం ఫారసీతో మొదలు కాలేదని కిందటి భాగంలో చూశాం. గౌతమీపుత్ర శాతకర్ణి శకులను, యవనులను, పహ్లవులను మట్టుపెట్టాడని అతని తల్లి బాలశ్రీ నాసిక్ శాసనంలో చెప్పుకుంది. శకులది తూర్పు కొమ్మ, పహ్లవులది అంటే పార్థియన్లది వాయవ్య కొమ్మ. యుద్ధాలయ్యాయి, తర్వాత వియ్యాలూ అయ్యాయి. రుద్రదాముడి కూతురు శాతవాహనుల కోడలైంది. ఇంత రాకపోకల తర్వాత తెలుగు నోట మిగిలిందేమిటి? పంచాంగంలో శాలివాహన శకం. క్రీ.శ. 78లో మొదలైన లెక్క, ఆ జాతి పేరు, అంతే. పల్లవులు పహ్లవులేనని ఒకప్పుడు కొందరు వాదించారు కానీ ఆ పోలిక చెవికి తప్ప మరి దేనికీ ఆనదు. పల్లవుల శాసనాల్లో ఇరానీ వాసన ఎక్కడా లేదు. కత్తి, కన్యాదానం రెండూ జరిగినా భాష కదలలేదంటే, భాషను కదిపేది మరేదో ఉందన్నమాట.

గోదావరి తీరాన ఫారసీకి మొదటి సాక్ష్యం రాజమహేంద్రవరంలో ఉంది. 1323లో ఓరుగల్లు పడింది. మరుసటి ఏడు, 1324లో, సాలార్ ఉల్వీ అనే అధికారి రాజమండ్రిలో మసీదు కట్టించి ఫారసీ శాసనం పెట్టించాడు. ఢిల్లీ పెత్తనం ఇక్కడ పట్టుమని పదేళ్లు నిలిచిందో లేదో గానీ, భాష మళ్లీ వచ్చింది. ఈసారి గుర్రమెక్కి రాలేదు, ఉత్తరాల మూటలో వచ్చింది. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం అంకితమిచ్చిన బెండపూడి అన్నయమంత్రి రాజమహేంద్రవరం రెడ్డిరాజుల మంత్రి. ఆయన బహమనీ సుల్తాను అహమ్మద్ షాకు ఫారసీలో కాగితాల మీద ఉత్తరాలు రాసేవాడని కవి మెచ్చుకున్నాడు. తుని నుంచి అన్నవరం వైపు వెళ్తుంటే దారిలో తగిలే ఊరి పేరూ ఆ మంత్రి ఇంటిపేరూ ఒకటే. 15వ శతాబ్దపు తొలి సగం అది. గోదావరి సీమ అప్పటికి ఏ సుల్తాను కిందా లేదు. ఏలినవాడి భాష కాబట్టి నేర్చుకున్నారనే మాట ఇక్కడ చెల్లదు. పొరుగు దర్బారుతో వ్యవహారం నడపడానికి ఒక తెలుగు మంత్రి తన చేత్తో ఫారసీ రాశాడు. ఆ తర్వాత బహమనీలు, 1572 నాటికి ఇబ్రహీం కుతుబ్ షా, ఆ మీదట మొగలులు, నిజాము వరసగా వచ్చారు. రాజమండ్రి సర్కారుకు 1730 దశకంలో ఫౌజుదారుగా వచ్చిన రుస్తుం ఖాన్ జమీందార్లను హడలగొట్టాడు. ఆయన పేరు షానామాలోని సీస్తాను వీరుడిది. నరసాపురం పక్కన రుస్తుంబాద అనే ఊరికీ ఆ పేరే ఉంది.

ఇక అచ్చుల సంగతి. ఫారసీ లిపిలో ‘ఏ’కీ ‘ఈ’కీ ఒకటే అక్షరం, యే. ‘ఓ’కీ ‘ఊ’కీ ఒకటే అక్షరం, వావ్. పాతకాలపు ఫారసీ నోట ఈ ధ్వనులు వేరువేరుగా ఉండేవి. కాలక్రమాన ఇరాన్‌లో ఏకారం ఈకారంలోకి, ఓకారం ఊకారంలోకి జారి కలిసిపోయాయి. ఇవాళ టెహరానులో పగటిని రూజ్ అంటారు, స్నేహితుణ్ని దూస్త్ అంటారు, మేకును మీఖ్ అంటారు, సమాధిని గూర్ అంటారు, బలాన్ని జూర్ అంటారు, ముందు అనడానికి పీష్ అంటారు. మనమేమంటాం? రోజు, దోస్తు, మేకు, గోరీ, జోరు. పేష్కారు, పేషీల్లోనూ ఏకారమే. ఒకటి రెండు మాటలైతే యాదృచ్ఛికం అనొచ్చు, కానీ వరసంతా ఇదే. తెలుగువాడికి ‘ఓ’, ‘ఏ’ అంటే మోజు కాబట్టి అన్నిటినీ అలా మార్చుకున్నాడని ఎవరైనా అనొచ్చు. అందుకు తిరుగులేని జవాబు మన దగ్గరే ఉంది. ఫారసీలో మొదటి నుంచీ ‘ఈ’, ‘ఊ’ ఉన్న మాటల్లో మనం వాటిని కదపలేదు. ఖరీదును ఖరేదు అనలేదు, జమీనును జమేను అనలేదు, మంజూరును మంజోరు అనలేదు, హుజూరును హుజోరు అనలేదు. ఫారసీ రాతలో మేఖ్, ఖరీద్ రెండింటిలోనూ ఉన్నది ఒకే యే. రోజ్, మంజూర్ రెండింటిలోనూ ఉన్నది ఒకే వావ్. కాగితం చూసి నేర్చుకున్నవాడికి ఏది ‘ఏ’యో ఏది ‘ఈ’యో తెలిసే వీలు లేదు. చెవితో విన్నవాడికే తెలుస్తుంది. ‘ఏ’కీ ‘ఈ’కీ వేరు అక్షరాలున్న తెలుగు కరణం, ఫారసీ లిపి దాచేసిన తేడాను తన లెక్కల కట్టలో తెలియకుండానే నమోదు చేసి పెట్టాడు.

ఆ తేడా నిలుపుకున్న ఫారసీలు ఇప్పటికీ ఉన్నాయి. కాబూలు, హెరాత్ వైపు పలికే దరీలో రోజ్ రోజే, దోస్త్ దోస్తే. తాజిక్‌లోనూ ఈ రెండు రకాల అచ్చులూ ఇప్పటికీ కలిసిపోలేదు. అంటే మనకు వచ్చింది ఖురాసాను, మధ్య ఆసియా వైపు నిలిచిన పాత ఉచ్చారణ. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. అచ్చులు చెప్పేది ఇది పాత ఉచ్చారణ అన్న ఒక్క విషయమే. పాత రోజుల్లో పడమటివాళ్లూ ఇలాగే పలికేవాళ్లు కాబట్టి తూర్పు దారినే వచ్చిందని అచ్చుల ఆధారంతో మాత్రమే తేల్చేస్తే తొందరపాటవుతుంది. దారిని తేల్చేది రాజకీయ చరిత్ర. 11వ శతాబ్దంలో గజనీ నుంచి లాహోరుకు, అక్కడి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి దేవగిరికి, 1347 తర్వాత గుల్బర్గాకు, చివరికి గోల్కొండకు ఫారసీ అంచెలంచెలుగా నడిచింది. ఆ అంచెల మొదట్లో ఉన్నది గజనీ, తూర్పు సీమ. రెండు సాక్ష్యాలూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ఈ మాటలు మనకు ఫారసీ నుంచి నేరుగా రాలేదు, దక్కనీ ఉర్దూ నుంచి వచ్చాయి కదా, మరి ఫారసీ ఉచ్చారణ గురించి ఇంత రభస దేనికి అని. కొందరు దీనికి తుని తగవు తీర్చేసి, సగం ఫారసీకి, సగం ఉర్దూకు పంచి లేచిపోతారు. తుని తగవంటే తెలుగువాళ్లందరికీ తెలిసిందే, ఎవరి వాదన ఎంతైనా ఆస్తి మాత్రం చెరిసగం. తగవు తీరుతుంది, నిజం మాత్రం అక్కడే ఉండిపోతుంది. నా లెక్కలో ఇది చెరిసగం వ్యవహారం కాదు. మాటల్లో చాలా భాగం దక్కనీ నోటి మీదుగానే వచ్చాయి, నిజమే. కానీ దక్కనీకి ఆ ఓకారం ఎక్కడిది? అదీ ఫారసీ పలికినవాళ్ల నోటి నుంచి వినిందే. నీళ్లు చెరువులోంచి పంట బోదెలోకి వచ్చాయంటే నది లేదని కాదు. మధ్యవర్తి ఉన్నాడన్న మాట మన వాదాన్ని బలపరుస్తుందే తప్ప దెబ్బతీయదు. ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి, మళ్లీ అక్కడి నుంచి నోటికి, ఈ గొలుసు తెగకుండా సాగింది కాబట్టే లిపిలో లేని అచ్చు తుని దాకా చేరింది.

రెండో అభ్యంతరానికి బలం ఎక్కువ. దక్కనులో ఫారసీని నిలబెట్టిన పెద్దలు పడమటి ఇరాన్, కాస్పియన్ ప్రాంతాల వాళ్లు. బహమనీల మంత్రి, 1481లో కొండపల్లి దండులో తల తెగిన మహమూద్ గవాను గీలాను మనిషి. గోల్కొండ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీది హమదాను. హైదరాబాదు నిర్మాణంలో పేరున్న మీర్ మోమిన్‌ది అస్త్రాబాదు. మచిలీపట్నం హవల్దారీ చేసి తర్వాత మొగలుల పక్షానికి వెళ్లిపోయిన మీర్ జుమ్లాది ఇస్ఫహాను దగ్గరి అర్దిస్తాను. మచిలీపట్నం ఓడలు 17వ శతాబ్దంలో బందర్ అబ్బాసుకు నేరుగా వెళ్లేవి. ఇంతమంది పడమటివాళ్లు ఏలుతుంటే తూర్పు ఫారసీ ఎలా వస్తుంది? జవాబు ఆ ఊళ్ల పేర్లలోనే ఉంది. గీలానులో జనం మాట్లాడేది గీలకీ, వాయవ్య కొమ్మ. గవాను వెంట ఒక్క గీలకీ మాటైనా తెలుగులోకి రావాలి కదా, రాలేదు. పెద్దల ఇంటిభాష ఇంట్లోనే ఉండిపోయింది. కచేరీ భాష వేరు, దాన్ని నేర్పినవాళ్లు ఇక్కడ పుట్టి పెరిగిన మున్షీలు, తరతరాలుగా అదే పాఠం వల్లె వేసినవాళ్లు. కొత్తగా ఓడ దిగిన అమీరు ఎలా పలికినా, రెండు వందల ఏళ్ల కిందటే స్థిరపడిన జమాబందీ మాటను అతను మార్చలేడు. ఇవాళ కలెక్టరు ఏ రాష్ట్రం నుంచి వచ్చినా కచేరీలో తెలుగు మారుతుందా? పండితులు మాత్రం వచ్చారు, గొప్ప పనులూ చేశారు. ఫారసీ ప్రపంచమంతా శతాబ్దాల పాటు సంప్రదించిన బుర్హానె కాతి నిఘంటువును 1652లో గోల్కొండలో, అబ్దుల్లా కుతుబ్ షా నీడన, తబ్రీజు వంశీకుడైన మహమ్మద్ హుసేన్ కూర్చాడు. అంతటి గ్రంథం మన నేల మీద పుట్టినా, రైతు నోటికి దాని నుంచి ఒక్క మాటా అందలేదు.

రైతు అంటే గుర్తొచ్చింది, అది అరబ్బీ మాట కదా అంటారు. జిల్లా, హక్కు, తహశీలు, ఇనాము అన్నీ అరబ్బీవే. పుట్టుక అరబ్బీ, వచ్చింది ఫారసీ బట్టల్లో. అరబ్బీలో విడిగా పలికేటప్పుడు రఇయ్య అని అకారంతో ఆగిపోతుంది. ఫారసీ దాన్ని రఇయ్యత్ అంది. మన ‘రైతు’ చివరనున్న ‘తు’ ఆ ఫారసీ ముద్రే. తహశీలు పక్కన నిలబడ్డ ‘దారు’ అచ్చమైన ఇరానీది, మన ‘ధారి’కి సొంత అన్న. ఇక సర్కారు చూడండి. సర్ అంటే తల, సంస్కృత శిరస్సు. కార్ అంటే పని, మన కార్యంలోనిదే. అన్నీ చుట్టరికాలే, వేల ఏళ్ల కిందట విడిపోయి జమాఖర్చుల పుస్తకంలో మళ్లీ కలుసుకున్నాయి. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం ఫారసీ ఫర్మానాతో ఉత్తర సర్కారులను కంపెనీకి రాసిచ్చాడు. సర్కారు అనే మాట మాత్రం మన దగ్గరే ఉండిపోయింది. కాకినాడ నుంచి మద్రాసు వైపు బయల్దేరే రైలుకూ ఆ పేరే పెట్టుకున్నాం.

ఇక్కడికి ‘రోజు’ దగ్గరికి మళ్లీ రావచ్చు. తుని రిజిస్ట్రారు కచేరీలో ఒక పాత దస్తావేజు విప్పితే పైనుంచి కిందికి ఫారసీ దారం కనిపిస్తుంది. మొదట ఆ దస్తావేజనే పేరు, లోపల ఖరీదు, హక్కు, దఖలు, సరిహద్దులు, చివర రాసినవాడి దస్తూరి. దస్త్ అంటే చెయ్యి, మన హస్తం. వత్సవాయి వారి జమీ నడిచిన కాలంలోనూ, 1948 చట్టంతో జమీలు రద్దయి రైత్వారీ వచ్చాకా ఈ మాటలు మారలేదు. 1837లో కంపెనీ వారు కోర్టుల్లోంచి ఫారసీని సాగనంపడానికి చట్టం చేశారు. భాష పోయింది, మాటలు తెలుగు లిపిలో కూర్చుండిపోయాయి. రెవెన్యూ వారికి ఇప్పటికీ ఏడాది జులై ఒకటిన మొదలవుతుంది, దాని పేరు ఫసలీ. 2024 జులై నుంచి నడిచినది ఫసలీ 1434. గ్రామలెక్కల్లో అరవమాట అడంగలు పక్కనే ఫారసీ జమాబందీ ఏ పేచీ లేకుండా కాపురం చేస్తోంది. రాజమండ్రిలో జడ్జీగా పనిచేసిన సి.పి. బ్రౌను ఇలాంటి మాటల కోసమే ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు వేయాల్సి వచ్చిందంటే కచేరీ తెలుగు ఎంతగా కలిసిపోయిందో ఊహించుకోవచ్చు.

దీనికి ఎదురుగా బ్రాహూయీని పెట్టి చూడాలి. బలూచిస్తానులో బలూచీల మధ్య బతుకుతున్న ద్రావిడ భాష అది, మనకు దూరపు చెల్లెలు. దానిలో ఒకటి, రెండు, మూడు అంకెలు ద్రావిడమే. నాలుగు నుంచి ఇరానీ మాటలు. పొయ్యి పక్కన, మేకల మంద దగ్గర, పెళ్లిపందిట్లో రెండు భాషలు కలిసి బతికితే అంకెలే మారిపోతాయి. తెలుగులో ఫారసీ అంకెను ముట్టలేదు, చుట్టరికాన్ని ముట్టలేదు, తిండిగింజల పేర్లను ముట్టలేదు. కొలిచే చోట, లెక్కరాసే చోట, జీతమిచ్చే చోట పట్టుకుంది. అందుకే అది ‘నాడు’ను పూర్తిగా తరమలేదు, లెక్కబెట్టే రోజును మాత్రం తీసుకుంది. కూలీకి, బాకీకి, గడువుకు కావలసినది ఆ లెక్కే. ఏ సంవత్సరం, ఏ పేటలో ఇది జరిగిందని ఎవరూ చెప్పలేరు గానీ, ‘మూణ్ణాళ్ల ముచ్చట’, ‘మూడు రోజుల కూలీ’ మధ్య పడిన గీత ఆ పంపకాన్ని చక్కగా చూపిస్తుంది.

నా నియమానికి లొంగని మాట ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ఫారసీ ‘ౙ’ తెలుగులో ‘జ’ అవుతుందన్నాను. ఆ లెక్కన కాఘజ్ మనకు ‘కాగజు’ కావాలి. అయింది ‘కాగితం’, పాతరూపం ‘కాకితం’. కన్నడంలో కాగద, మరాఠీలో కాగద్. ఈ దంత్యాలు ఫారసీలో ‘ౙ’ కంటే పాతదైన కాఘద్ రూపాన్ని చూపిస్తున్నాయి. అంటే ఈ మాట ‘రోజు’ కంటే ముందు, వేరే మెట్టు మీద దక్కనుకు చేరింది. అన్నయమంత్రి ఫారసీ రాసిన కాగితాల గురించి శ్రీనాథుడు చెప్పిన కాలానికి ఇది సరిగ్గా అతుకుతుంది. అక్కడితో ఆగదు. కాఘద్ అనేది ఫారసీకీ సొంత మాట కాదు, సమర్‌ఖందు వర్తకుల సొగ్దియన్ భాష నుంచి తెచ్చుకుంది. అది తూర్పు కొమ్మ. ఆ సొగ్దియనుకు దగ్గరి వారసులు తాజికిస్తాను కొండల్లో యగ్నోబ్ లోయ జనం, ఇప్పుడు కొన్ని వేలమందే. 1970లో సోవియట్ ప్రభుత్వం వాళ్లను హెలికాప్టర్లలో దించుకెళ్లి పత్తి పొలాల పనికి మైదానాల్లో పెట్టింది. కొందరు తర్వాత లోయకు తిరిగొచ్చారు. కాగితానికి పేరిచ్చిన కొమ్మలోని వాళ్ల భాష ఇంట్లో, పొలంలో నోటిమాటగా నడుస్తోంది. రాతకోతలన్నీ తాజిక్‌లోనే.